జౌగడా, శిశుపాల్‌గఢా, శాలిహుండమా: బరంపురం నుంచి పిల్లల్ని తీసుకెళ్తే ఏది మేలు?

మా చెల్లెలి కూతురు పోలండ్‌లోని క్రాకోలో చదువుకుంటోంది. ఆ ఊరి నడిబొడ్డున ఉన్న పాత సంత మైదానం కిందికి దిగి ఒక వీడియో తీసి పంపింది. పైన గుర్రబ్బండ్లు, పావురాలు, జనం. నాలుగు మీటర్ల కింద పాత రాతి బాటలు, అంగళ్ల పునాదులు, సమాధులు. 2005లో తవ్వడం మొదలుపెట్టి 2010లో మ్యూజియంగా తెరిచారు. గైడు ముందు నడుస్తూ ఒక్కో రాయి దగ్గర ఆగి చెప్తుంటే వెనకాల ఇరవై మంది చెవులు రిక్కించి వింటున్నారు. "పెద్దమ్మా, మన దగ్గర ఇలాంటివి లేవా?" అని అడిగింది.

ఆ వీడియో చూసిన బంధువులందరిదీ అదే మాట. సెలవుల్లో పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లమంటావు, జౌగడకా, భువనేశ్వర్ వైపు శిశుపాల్‌గఢ్‌కా, శ్రీకాకుళం వైపు శాలిహుండానికా అని మూడేళ్లుగా ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. మూడూ పాత కలింగం నాటి శిథిలాలున్న చోట్లే. మూడూ చూశాను, జౌగడ రెండుసార్లు చూశాను. కాబట్టి ఒకేసారి చెప్పేస్తాను.

ముందు ఒక మాట. కలింగంలో మట్టి కింద ఊళ్లు లేక కాదు. వాటిలోకి దిగడానికి మెట్లు లేవు. తవ్విన గుంటల్ని చాలాచోట్ల తిరిగి పూడ్చేస్తారు, లేకపోతే వానకి, ఎండకి పాడైపోతాయి. పైన వరిచేలు, మామిడిచెట్లు, ఇళ్లు. మనం నిలబడేది ఊరి మీదే, కనిపించేది మాత్రం గట్లూ రాళ్లూ. అందుకని రోడ్డెలా ఉంది, భోజనం దొరుకుతుందా, బాత్‌రూమ్ ఉందా అన్నవి నేను తర్వాత చూస్తాను. పక్కన నిలబడి చెప్పే మనిషి ఉన్నాడా లేడా అన్నదే నాకు ముందు లెక్క. ఈ విషయం నాకు జౌగడలోనే తెలిసొచ్చింది.

మొదటిసారి తారాతారిణి అమ్మవార్ల దర్శనం చేసుకుని, దారిలోనే కదా అని జౌగడకి వెళ్లాం. పురుషోత్తంపూర్ దగ్గర, ఋషికుల్య ఒడ్డున. పెద్ద బండరాయి, మీద కప్పు, చుట్టూ ఇనుప కటకటాలు. బోర్డు చదివాం. అశోకుడి శాసనాలు, బ్రాహ్మీ లిపి, ప్రాకృత భాష. రాతి మీద ఏవో గీతలు మసకగా ఉన్నాయి. మా తమ్ముడి పిల్లలు కటకటాల్లోంచి తొంగిచూసి, "అయిపోయిందా అత్తా?" అన్నారు. పది నిమిషాల్లో కారెక్కేశాం. ఎండలో అంతదూరం వచ్చి చూసింది ఇదా అని ఇంటికెళ్లేదాకా అందరికీ చిరాకు.

రెండోసారి మాతో రిటైరైన హిస్టరీ మాస్టారు ఒకాయన వచ్చారు. ఆయన రాయి దగ్గరికి నేరుగా తీసుకెళ్లలేదు. దారిలో ఒక మట్టి గట్టు ఎక్కించారు. చెరువు గట్టేమో అనుకున్నాం. "ఇది కోటగోడ. ఊరు ఇంచుమించు నలుచదరం. ఒక్కో వైపు రెండేసి ద్వారాలు" అని చేయి చాపి చూపించారు. అప్పుడు కనిపించింది. గట్టు తిన్నగా పోయి, మూల తిరిగి, మళ్లీ తిన్నగా పోతోంది. మధ్యలో తెగినచోట్లు ద్వారాలు. లోపల పంట పొలాలు. 1956లో పురావస్తు శాఖ ఇక్కడ తవ్వితే గుద్దిన ముద్రల నాణేలు, పూసలు, ఇనుప పనిముట్లు బయటపడ్డాయి. ఆ ఊరి పాత పేరు సమాపా. జౌ అంటే ఒడియాలో లక్క కాబట్టి పాండవుల లక్క ఇల్లు ఇదేనని ఊళ్లోవాళ్లు చెప్తారు. మాస్టారు ఆ కథనీ కొట్టిపారేయలేదు, ఊరి పేరుకి అర్థం అదే కదా అన్నారు.

తర్వాత బండ దగ్గరికి వెళ్లాం. నా ఫోను తీసుకుని టార్చి వేశారు. ఎదురుగా వెయ్యలేదు, రాతికి దాదాపు ఆనించి పక్కనుంచి వేశారు. గీతల్లో నీడ నిండి, అప్పటిదాకా మసకగా ఉన్న అక్షరాలు వరసలు వరసలుగా లేచాయి. పిల్లలు నోరు తెరుచుకుని చూశారు. "ప్లస్ గుర్తు వెతకండి, అదే క" అన్నారు. వెతికారు, దొరికింది. కింద మట్టిలో పుల్లతో ఆ ప్లస్ గీసి, కొమ్ములు వంచుతూ వంచుతూ ఒకపక్క తెలుగు క చేశారు, రెండోపక్క ఒడియా క చేశారు. మా పిల్లలు ఒడియా మీడియం. ఇంట్లో తెలుగు మాట్లాడతారుగానీ రాయడం రాదు. రెండు అక్షరాలకీ తల్లి ఒక్కటేనని ఆ మట్టిలో చూసి పెద్దాడు నా వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తే.

ఆ తర్వాత ఆయన చదివి వినిపించారు. ఖేపింగల అనే పర్వతం మీద దేవానంపియ పియదసి లాజా, అంటే అశోకుడు, ఈ ధర్మలిపి రాయించాడు అని మొదలవుతుంది. రాజా కాదు, లాజా. ఈ తూర్పు భాషలో ర ఉండాల్సినచోట ల వస్తుంది. పిల్లలు రోజంతా లాజా, లాజా అని పిలుచుకున్నారు.

జౌగడ గురించి, భువనేశ్వర్ దగ్గరి ధౌలి గురించి చెప్పుకోవాల్సిన సంగతి ఒకటుంది. అశోకుడి పద్నాలుగు పెద్ద శిలాశాసనాల్లో 11, 12, 13 ఈ రెండుచోట్లా లేవు. పదమూడోదే కలింగ యుద్ధం గురించి చెప్పేది. లక్షమంది చచ్చిపోయారు, లక్షన్నరమందిని పట్టుకుపోయారు అని అశోకుడు బాధపడింది అందులోనే. అది మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఉంది, దెబ్బతిన్న కలింగంలో లేదు. దాని బదులు ఇక్కడి అధికార్లకి విడిగా రెండు శాసనాలు రాయించాడు. మనుషులందరూ నా బిడ్డలే అన్న మాట వాటిలోదే. సమాపాలో ఉన్న మహామాత్రులారా (అంటే పెద్ద అధికార్లు), నగర న్యాయాధికారులారా అని పిలిచి మరీ చెప్తాడు. ఊరిజనాన్ని కారణం లేకుండా కట్టెయ్యొద్దు, కారణం లేకుండా హింసించొద్దు. అసూయ, కోపం, కర్కశత్వం, తొందరపాటు, సోమరితనం, అలసట ఇవన్నీ మీలో ఉండకూడదు అని జాబితా కూడా ఇస్తాడు. మనం మట్టిగట్టు మీద నిలబడి చూసిన ఆ ఊరివాళ్ల గురించే ఆ మాటలు.

ఆ శాసనం చివర్లో ఇంకో మాట ఉంది. తిష్య నక్షత్రం రోజున దీన్ని వినాలి, మధ్యలో వేరే రోజుల్లో ఒక్కడే ఉన్నా వినాలి అని. తిష్య అంటే మన పుష్యమి. చూడాలి అనలేదు, చదవాలి అనలేదు, వినాలి అన్నాడు. అంటే చదివి వినిపించే మనిషి ఆ రాతి పక్కన ఉండాలని రాయించినవాడే అనుకున్నాడు. మాస్టారు ఈ మాట చెప్పినప్పుడు నాకు మొదటిసారి పది నిమిషాల్లో వెనక్కి తిరిగిపోయిన సంగతి గుర్తొచ్చి మనసంతా ఎలాగో అయిపోయింది. రాయి అప్పుడూ అదే, ఇప్పుడూ అదే. అప్పుడు మేం వినలేదు, అంతే.

ఇక శిశుపాల్‌గఢ్. నిజం చెప్పాలంటే క్రాకో వీడియోకి దగ్గరగా ఉండేది ఇదే, ఎందుకంటే ఇక్కడ పాత నగరం మీద కొత్త నగరం నడుస్తోంది. భువనేశ్వర్ అంచున ఒక్కో వైపు దాదాపు 1.2 కిలోమీటర్లున్న నలుచదరపు కోట. దీనికీ వైపుకి రెండు చొప్పున ఎనిమిది ద్వారాలు. 1948లో బి.బి.లాల్ తవ్వి పడమటి ద్వారాన్ని బయటపెట్టారు. 2005 నుంచి 2009 వరకు పుణె దక్కన్ కాలేజీ వాళ్లు, అమెరికా నుంచి వచ్చిన పరిశోధకులు కలిసి మళ్లీ తవ్వారు. కోట మధ్యలో సోలాఖంబా అనే ఎర్ర మురరాతి స్తంభాలున్నాయి. ఇదే అశోకుడి శాసనాల్లోని తోసలి నగరం అని కొందరంటారు, కలింగ రాజు ఖారవేలుడి కలింగనగరి అని మరికొందరంటారు.

చెప్పేవాడుంటే ఇది ఎంత గొప్ప చోటో! భువనేశ్వర్ దగ్గరి ఉదయగిరి కొండ మీది హాథీగుంఫా గుహ శాసనంలో, ఖారవేలుడు రాజైన మొదటి ఏడాదే తుపానుకి దెబ్బతిన్న కలింగనగరి ద్వారాలు, గోడలు బాగు చేయించాడని ఉంది. 2013 అక్టోబర్‌లో ఫైలిన్ మన గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి చూసినవాళ్లం మనం. ఆ వాక్యం వింటే మనకి వేరే వివరణ అక్కర్లేదు. ఉదయగిరిలో ఆ లైను చూపించి, అక్కణ్నుంచి శిశుపాల్‌గఢ్ ద్వారం దగ్గరికి తీసుకొచ్చి నిలబెడితే పిల్లలు జీవితంలో మర్చిపోరు.

మాకు అలా జరగలేదు. రోజుకి ఇంత అని కారూ గైడూ కలిపి మాట్లాడుకున్నాం. ఆయనకి లింగరాజ ఆలయం, ఖండగిరి కంఠతా వచ్చు, బాగా చెప్పారు కూడా. శిశుపాల్‌గఢ్ అనేసరికి దారి అడుగుతూ తీసుకొచ్చి, "ఇది పాత కోట" అని కారు దగ్గరే ఉండిపోయారు. గట్టుని ఆనుకుని ఇళ్లు, మధ్యలో ప్లాట్లు, ఏది కోటో ఏది కొత్త కట్టడమో మాకు అర్థం కాలేదు. స్తంభాల దగ్గర ఒక ఫొటో దిగి వచ్చేశాం. ఇళ్లు ఏటేటా దగ్గరికి జరుగుతున్నాయి కాబట్టి ఇది ముందే చూడాలన్న వాదన ఉంది, అది నిజమే. కానీ శిశుపాల్‌గఢ్ గురించి వివరంగా చెప్తారా అని ముందే అడిగి, సరేనన్న గైడునే మాట్లాడుకోండి. లేకపోతే ధౌలికి వెళ్లండి. రాతిలోంచి బయటికొస్తున్నట్టు చెక్కిన ఏనుగు, కింద శాసనం, ఎదురుగా దయా నది. ఏనుగైతే ఎవరూ చెప్పకపోయినా పిల్లలకి అర్థమవుతుంది.

శాలిహుండం సంగతి వేరు. వంశధార పక్కన కొండ, ఎక్కడానికి దారి, పైన ఇటుకల స్తూపాలు, చైత్యాల పునాదులు కళ్లముందే ఉంటాయి. అక్కడే చిన్న మ్యూజియం కూడా ఉంది. పైనుంచి చూస్తే నది కళింగపట్నం వైపు సముద్రంలోకి పోతూ కనిపిస్తుంది. మూడింటిలో కంటికి ఎక్కువ ఇచ్చేది ఇదే. గైడు లేకపోయినా రెండు గంటలు గడిచిపోతాయి. ఇంట్లో నడవలేని పెద్దవాళ్లుంటే మాత్రం ఎక్కడం కష్టం.

పర్లాకిమిడి వాళ్లకి దూరం కూడా తక్కువ, పైగా చుట్టరికం ఉంది. ఈ కొండ మీది శిథిలాల్ని 1919లో గుర్తించింది గిడుగు రామమూర్తి పంతులుగారు. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూ, సవరల భాష నేర్చుకుని, తెలుగుకి వాడుకభాష కోసం కొట్లాడిన మనిషే ఈ కొండా ఎక్కి చూశారు. పర్లాకిమిడి పిల్లలకి ఈ ఒక్క సంగతి చెప్పి ఎక్కించండి చాలు. బరంపురం నుంచి అయితే రానూపోనూ రోజంతా పడుతుంది, పొద్దున్నే బయల్దేరాలి.

ఇవి కాక బౌద్ధ శిథిలాలున్న లలితగిరి కూడా బాగుంటుంది. రాతి పెట్టెలో మెత్తరాతి పెట్టె, అందులో వెండిది, అందులో బంగారుది, అలా ఒకదానిలో ఒకటి ధాతుపేటికలు దొరికిన చోటు. 2018 నుంచి మ్యూజియం కూడా ఉంది. కానీ భువనేశ్వర్ దాటి ఇంకా పోవాలి, ఒక్కరోజులో మనకి కుదరదు. శ్రీకాకుళం జిల్లాలోని దంతవరపుకోట మట్టిగోడలు కావాలని వెతుక్కునేవాళ్లకి తప్ప పిల్లలకి చెప్పను.

కాబట్టి చెప్పేవాళ్లెవరూ దొరకకపోతే శాలిహుండం వెళ్లండి. మంచి గైడు దొరికితే, భువనేశ్వర్‌లో ఎలాగూ పనుంటే, ఉదయగిరితో కలిపి శిశుపాల్‌గఢ్ చూడండి. నన్ను నా ఇష్టం అడిగితే మాత్రం జౌగడే. బరంపురానికి దగ్గర, పూటలో అయిపోతుంది. ఊరూ, ఆ ఊరికి రాసిన ఉత్తరమూ రెండూ ఒకేచోట ఉన్నాయి. హిస్టరీ చెప్పే మాస్టార్లు మన ఊళ్లో కొదవలేదు. ఏ కాలేజీలో అడిగినా, ఏ స్కూల్లో అడిగినా ఒకరు సంతోషంగా వస్తారు. కారులో ఒక సీటు, ఒక పూట భోజనం, ఇంటికి దింపేటప్పుడు ఒక పండ్ల బుట్ట. మా మాస్టారు అంతకంటే ఏమీ తీసుకోలేదు.

వెళ్లేవాళ్లకి రెండు మాటలు. చైత్రమాసం మంగళవారాలు వద్దు. తారాతారిణి జాతరకి జనం విరగబడతారు, దారంతా ఇరుక్కుపోతారు. మార్గశిరం నుంచి మాఘం దాకా గట్టు మీద నడవడానికి బాగుంటుంది. ఫోన్లో చార్జింగ్ చూసుకోండి, టార్చి కావాలి. నీళ్లు, తినడానికి ఏదైనా ఇంటి నుంచే పట్టుకెళ్లండి.

మేం ఈసారి పుష్యమి నక్షత్రం ఉన్న రోజు చూసుకుని వెళ్తున్నాం. క్యాలెండర్‌లో పెద్దాడే వెతికి పెన్నుతో చుట్టాడు. మాస్టారి దగ్గర మొదటి వాక్యం రాయించుకుని, గోడకి అంటించుకుని చదువుతున్నాడు. ఈసారి తనే చదివి వినిపిస్తాడట.