గోదావరి డెల్టా మట్టిలో చేతి ఆగర్: ఏళ్ల తరబడి వాడాక

కోనసీమలో, భీమవరం చుట్టుపక్కల మట్టి నమూనాలు తీయడం నా వృత్తి. పెట్రోలు బంకుల పాత ట్యాంకుల పక్కన, మిల్లుల వెనుక, వదిలేసిన రొయ్యల చెరువుల్లో నేల ఎంత లోతున చెడిందో తేల్చాలి. ఇందుకు నేను ఎక్కువగా వాడింది స్టెయిన్‌లెస్ స్టీలు చేతి ఆగర్ సెట్టు, అంటే చేత్తో తిప్పుతూ నేలను తొలిచే పనిముట్టు. అడ్డ పిడి, మీటరు రాడ్లు, బంకమట్టికి ఒక తల, ఇసుకకు మరొకటి, మెత్తటి నేలకు నిలువునా సగం చీల్చిన గొట్టంలా ఉండే గౌజ్ ఇందులో ఉంటాయి.

ఇద్దరు మోసుకుపోగల బరువు కావడం దీని మొదటి సుగుణం. పంటు ఎక్కి లంకలోకి, చెరువు గట్ల మీదుగా, యంత్రం దిగబడిపోయే చోటికి కూడా తీసుకెళ్లవచ్చు.

సెట్టు మొత్తంలో నాకు ప్రాణం గౌజ్. నిటారుగా నొక్కి, ఒక చుట్టు తిప్పి లాగితే పొరలు ఉన్నవి ఉన్నట్టే వస్తాయి. పై పూతను కత్తితో అడ్డంగా గీసి తీసేయాలి. నిలువుగా గీస్తే పై మట్టి కింది పొరకు అంటుకుంటుంది. అప్పుడు పైన గోధుమరంగు మట్టి, అందులో తుప్పు మచ్చలు, ఆ కింద నీలం కలిసిన బూడిదరంగు బంక కనిపిస్తాయి. ఆ మచ్చలున్న మేర నీటిమట్టం ఏటా ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. పెట్రోలు నీటిమీద తేలుతుంది. వేసవిలో కాలువలు కట్టేస్తే నీటితో పాటే దిగుతుంది, మళ్లీ కాలువలు వదిలాక పైకి లేస్తుంది, కొంత ఆ మధ్య మట్టిలోనే ఇరుక్కుపోతుంది. అందుకే డెల్టాలో ఒక్క లోతు నుంచి తీసిన నమూనాను నేను నమ్మను. మచ్చలున్న మేరంతా తీయాల్సిందే.

నల్ల బంకలో చెమట పట్టిస్తుంది. తల నిండితే పిడి కదలదు కాబట్టి జానెడు లోతుకోసారి పైకి లాగాలి. తలలో పైభాగాన ఉన్నది గోడల నుంచి రాలిన మట్టి. దాన్ని తప్పకుండా పారేయాలి.

అంతర్వేది వైపు ఇసుక నేలల్లో మాత్రం నీటిమట్టం దాటాక దీని పని అయిపోయినట్టే. గోడలు కూలి, అడుగు నుంచి ఇసుక ఉబికి వస్తుంది. చేతికొచ్చింది ఏ లోతుదో చెప్పలేం. గోడలు కూలకుండా కేసింగు పైపు దించితే మరికొంత లోతు సాగుతుంది, అంతే.

బెంజీన్ లాంటి ఆవిరయ్యే పదార్థాలకు కూడా ఆగర్ తలలో నలిగిన మట్టి పనికిరాదు. ఆ లోతు దాకా ఆగర్‌తో వెళ్లి, అక్కడ చిన్న గొట్టాన్ని సుత్తితో దించి, కదలని మట్టి ముక్కను వెంటనే సీసాలో బిగించాలి. సంచిలో వేసి కలపకూడదు.

నీళ్ల కోసం చేతి బోర్లు దించేవారితో ఈ పని చేయించుకోమని చాలామంది సలహా ఇస్తారు. వారి నైపుణ్యం మీద నాకు గౌరవం ఉంది. కానీ బురదనీటితో పైకొచ్చే మట్టి పొరలన్నీ కలిసిపోయి వస్తుంది. పునాదుల పరీక్షలో 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలి దించే గొట్టం నయం, బోరులో బెంటనైట్ (తడిస్తే ఉబ్బే బంకమట్టి) బురద వాడనంతవరకు. లోతైన ఇసుకకు, గొట్టాన్ని నేరుగా నేలలోకి దించే డైరెక్ట్ పుష్ యంత్రమే సరైనది. ప్లాస్టిక్ తొడుగులో మట్టి చెక్కుచెదరకుండా వస్తుంది, బయట వ్యర్థం మిగలదు. ఖర్చు ఎక్కువ, దారి కావాలి.

కొనేటప్పుడు చవకని గాల్వనైజ్డ్ సెట్టు తీసుకోకండి. ఆ పూతలోని జింకు లోహాల పరీక్షలో మీ నేలదిగా తేలుతుంది. ఒక్కో గుంత తర్వాత ఫాస్ఫేటు లేని సబ్బుతో కడిగి, డిస్టిల్డ్ నీటితో జాడించడం ఎంత విసుగైనా మానవద్దు.

"తీసిన మట్టి ఆ గుంతలోనే వేసేయండి, సరిపోతుంది కదండీ" అని రైతులు అంటుంటారు. నేను ఒప్పుకోను. ఇక్కడ చాలా చోట్ల మంచినీటి పొర పలుచన, దాని కింద ఉప్పునీరు. బంక పొరను చిల్లు పొడిచి వదిలేస్తే పైనున్న విషానికి, కిందనున్న ఉప్పుకు మనమే దారి తెరిచినట్టవుతుంది. బెంటనైట్ గుళికలు అడుగు నుంచి పోసి, తడిపి, గుంత పూడాకే సామాను సర్దుతాను.