రెండేళ్ల రిపేర్లు, ఆరేళ్ల కొత్త కమోడ్: వాడి చూశాక చెబుతున్నవి

పాత కమోడ్‌తో మా కష్టాలు ఒక శబ్దంతో మొదలయ్యాయి. అర్ధరాత్రి ఎవరూ వాడకపోయినా ఫ్లష్ ట్యాంకులోకి కాసేపు నీళ్లు పడి ఆగిపోయేవి. మళ్లీ గంటకో రెండు గంటలకో అదే శబ్దం. నీళ్లు ఎక్కడికి పోతున్నాయో కంటికి కనిపించేది కాదు. ట్యాంకు నీళ్లలో కాస్త ఫుడ్ కలర్ కలిపి, అరగంట ఎవరినీ ఫ్లష్ కొట్టవద్దని చెప్పాను. కాసేపటికి బౌల్లో నీళ్లు రంగు తిరిగాయి. అంటే ట్యాంకు అడుగున ఉండే రబ్బరు సీల్ దగ్గర కారుతోందన్నమాట.

సీల్ మార్చాం. శబ్దం పోయింది, కానీ ఆరు నెలలకే తిరిగొచ్చింది. తీసి చూస్తే కొత్త సీల్ అంచు గట్టిపడి వంకర తిరిగింది. ట్యాంకులో వేసే క్లోరిన్ బిళ్లలే కారణం. ఆ నీళ్లలో రాత్రీ పగలూ నానుతుంటే రబ్బరు పాడవుతుంది. బిళ్లలు మానేశాక వేసిన సీల్ కమోడ్ మార్చేదాకా చెక్కుచెదరలేదు.

తర్వాత ఫ్లష్‌లో జోరు తగ్గింది. రెండుసార్లు కొడితే గాని శుభ్రమయ్యేది కాదు. ట్యాంకులోని వాల్వ్ పోయిందనుకుని మార్పించాం. ఏమీ మారలేదు, ఆ ఖర్చు దండగైంది. ముందే చేయాల్సిన పరీక్ష ఒకటుంది: ఒక బకెట్ నీళ్లు నేరుగా బౌల్లోకి జోరుగా పోయాలి. నీళ్లు పైకి లేచి మెల్లగా దిగితే అడ్డు కింద గొట్టంలో ఉంది. గబుక్కున దిగిపోతే కింద బాగానే ఉంది, లోపం పైన ఉంది. మా నీళ్లు ఒక్కసారిగా దిగిపోయాయి. చిన్న అద్దం పెట్టి బౌల్ అంచు కింద చూస్తే, నీళ్లు దూకే రంధ్రాల్లో సగానికి పైగా సున్నం కట్టి మూసుకుపోయాయి. బోరు నీళ్లు వాడే చోట ఇది మామూలే. ట్యాంకు లోపల నిలువుగా ఉండే గొట్టంలో గోరువెచ్చని వెనిగర్ పోసి రాత్రంతా వదిలేశాం. పొద్దున్నే తీగతో ఒక్కో రంధ్రం పొడిస్తే పెచ్చులు రాలాయి. జోరు చాలావరకు తిరిగొచ్చింది.

ఇక్కడ ఒక్క మాట తప్పక చెప్పాలి. టాయిలెట్ కడిగే యాసిడ్‌నూ బ్లీచింగ్‌నూ ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ వాయువు వస్తుంది. మూసిన బాత్రూంలో అది ప్రాణాపాయం.

సీల్ కారడం, జోరు తగ్గడం రెండూ రిపేరుతో పోయాయి. మూడోది పోలేదు. కమోడ్ చుట్టూ నేల ఎప్పుడూ తడిగా ఉండేది, కాస్త వాసన కూడా. ట్యాంకు బోల్టుల దగ్గర టిష్యూ కాగితం అద్దితే పొడిగానే ఉంది. ఈసారి రంగు బౌల్లో వేశాం. రంగు నీళ్లు పాదం దగ్గర బయటికొచ్చాయి. నేల తుడిచి ఆరబెట్టి చూస్తే పింగాణీ మీద వెంట్రుక అంత చీలిక. ఎగుడుదిగుడు నేల మీద బోల్టులు మరీ బిగించినట్టున్నారు. ఎపాక్సీ పుట్టీ పెట్టించాం, కొన్ని వారాలు ఆగి మళ్లీ కారింది. ట్యాంకులో ఏది పోయినా కొత్త విడిభాగం దొరుకుతుంది. పింగాణీ చీలితే మాత్రం మార్చడం ఒక్కటే దారి. పుట్టీలతో గడిపిన ఆ నెలలు, ఆ టెన్షన్ మాకు అక్కర్లేనివి.

మార్చే రోజు రెండు ఇబ్బందులు ఎదురయ్యాయి. పాత యాంగిల్ కాక్ (ట్యాంకుకు వచ్చే నీళ్లు ఆపే గోడ కుళాయి) బిగుసుకుపోయి మూతపడలేదు, ఇల్లంతటికీ నీళ్లు ఆపాల్సి వచ్చింది. రెండోది పూర్తిగా నా పొరపాటు. మాది మలినం పోయే గొట్టం నేలలోకి దిగే రకం, ఎస్ ట్రాప్ అంటారు. టైల్స్ వేసిన గోడ నుంచి నేలలోని గొట్టం మధ్యభాగం దాకా 9 అంగుళాలు. నేను కొలవకుండా 12 అంగుళాల మోడల్ తెచ్చాను. ట్యాంకు గోడకు తగిలి, కమోడ్ గొట్టం మీదకే రాలేదు. ప్యాకింగ్ పోకుండా వెనక్కిచ్చి సరైనది తెచ్చాం. గొట్టం గోడలోకి పోయే పీ ట్రాప్ అయితే నేల నుంచి దాని ఎత్తు కొలవాలి.

మేం ఎంచుకున్నది వాష్‌డౌన్ రకం, అంటే నీళ్ల జోరుతో మలినాన్ని కిందికి నెట్టేది. మలినాన్ని పీల్చి లాగే సైఫన్ రకం చప్పుడు తక్కువ చేస్తుంది, బౌల్లో నీళ్లు ఎక్కువ మేర పరుచుకుని ఉంటాయి కాబట్టి మరకలూ తక్కువ. కానీ దానిలో మలినం పోయే దారి సన్నం. వాష్‌డౌన్ దారి వెడల్పు, అందుకే ఈ ఆరేళ్లలో మాది ఒక్కసారి కూడా జామ్ కాలేదు. బదులుగా బ్రష్ పని దాదాపు రోజూ ఉంటుంది. నాకు ఆ బేరం నచ్చింది.

పాత ట్యాంకు ఒక్క ఫ్లష్‌కు 10 లీటర్లు తాగేది. కొత్తదానికి 3, 6 లీటర్ల రెండు బటన్లు. రోజుకు 20 ఫ్లష్‌లు అనుకుంటే పాతదానికి 200 లీటర్లు. ఇప్పుడు 16 చిన్నవి, 4 పెద్దవి కలిపి 72. చిన్న బటన్ చాలక మళ్లీ పెద్దది నొక్కాల్సి వచ్చే సందర్భాలు ఉంటాయి, అవి కలిపినా పాతదానిలో సగం కూడా కాదు.

ఎత్తు గురించి మొదట నేను పెద్దగా ఆలోచించలేదు. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. పాతది సుమారు 15 అంగుళాలు, ఇది సీటుతో కలిపి 17. ఆ రెండు అంగుళాలతో ఆమె గోడ పట్టుకోకుండా లేవగలుగుతోంది. ఈ కమోడ్‌లో నాకు అన్నిటికంటే విలువైనది ఇదే. పిల్లల కాళ్లు నేలకు అందవు, వాళ్లకు చిన్న పీట వేశాం.

అరిగినవి కూడా చెప్పాలి. మెల్లగా మూతపడే సీటు మూడో ఏడు ధబేల్‌మని పడసాగింది, సీటు మొత్తం మార్చాం. నాలుగో ఏడు ట్యాంకు నిండడానికి చాలా సేపు పట్టింది. నీళ్లు వచ్చే చోట ఉండే చిన్న జాలీలో ఇసుక చేరింది, కడిగితే సరిపోయింది. ఇప్పుడు ఆరు నెలలకోసారి కడుగుతున్నాం. పింగాణీ మెరుపు అలాగే ఉంది, గరుకు పొడులు వాడకపోవడం వల్లే అనుకుంటున్నాను.

కమోడ్ బిగించేటప్పుడు అడుగు చుట్టూ సిమెంటుకు బదులు సిలికాన్ పెట్టించి, వెనక వైపు ఒక అంగుళం ఖాళీ వదలమన్నాను. ప్లంబర్ అన్నకు మొదట నచ్చలేదు. చుట్టూ మూసేస్తే లోపల కారినా ఏళ్ల తరబడి తెలియదని చెప్పాక ఒప్పుకున్నాడు. ఆ ఖాళీ దగ్గర నెలకోసారి పొడి కాగితం పెట్టి చూస్తుంటాను. ఇప్పటిదాకా తడవలేదు.

గత నెల మళ్లీ రాత్రిపూట ఆ శబ్దం వినిపించింది. రంగు వేసి చూశాను, సీలే. ఈసారి ప్లంబర్‌ను పిలవలేదు. కొత్త యాంగిల్ కాక్ కట్టేసి, ట్యాంకు మూత తీసి, పావుగంటలో మార్చేశాను.