పెద్ద లాటా, చిన్న లాటా: ప్రెస్ షాపుకు ఏది మేలు?

బాలానగర్, జీడిమెట్ల లాంటి చోట్ల లోహపు రేకుల్ని అచ్చులో నొక్కి పార్టులు కొట్టే చిన్న ప్రెస్ షాపులకు ఎప్పుడూ ఉండే ప్రశ్న ఇది. ప్రెస్ మీద డై (అచ్చు) ఎలాగూ ఎక్కించాం కదా, నెలకు సరిపడా ఒకేసారి కొట్టేద్దామా (పెద్ద లాటు)? లేక ఈ వారం పార్టీకి (కొనేవాళ్లకు) కావలసినంతే కొట్టి డై దించేద్దామా (చిన్న లాటు)?

మొదటి మాటలో న్యాయం ఉంది. డై మార్చి బిగించడానికి, అంటే సెట్టింగ్‌కు, 2 గంటలు పడుతుందనుకోండి. 200 పీసులకు బదులు 2,000 కొడితే సెట్టింగ్ ఖర్చు పీసుకు పదో వంతే పడుతుంది.

ఆ లెక్కలోకి రానివి చాలా ఉన్నాయి. కొట్టిన మాల్ ట్రేలలో పేరుకుపోయి తుప్పు పడుతుంది, నడిచే దారి మూసుకుపోతుంది, షీటుకు పెట్టిన డబ్బు అందులోనే ఇరుక్కుంటుంది. డైలో రేకును కోసే పంచ్ మొద్దుబారి పీసు అంచున బర్ (గరుకు ముల్లు) వస్తుంటే ఆ సంగతి మూడు వారాలకు అసెంబ్లీలో బయటపడుతుంది. అప్పటికి 2,000 పీసులూ రీవర్కుకో స్క్రాపుకో పోవాల్సిందే. టయోటా ఉత్పత్తి పద్ధతిని రూపొందించిన ఇంజనీరు తైచి ఓనో చెప్పిన ఏడు వృథాల్లో అన్నిటికన్నా చెడ్డది అవసరానికి మించి తయారు చేయడమే. మిగతావన్నీ దాని చాటున దాక్కుంటాయి.

అలాగని రేపటి నుంచే చిన్న లాట్లు మొదలుపెడితే మునిగిపోతాం. రోజుకు మూడుసార్లు డై మారిస్తే 6 గంటలు పోయినట్టే. ముందు డై మార్చే టైము తగ్గాలి.

1950లో హిరోషిమాలోని మాజ్దా ఫ్యాక్టరీలో జపాన్ ఇంజనీరు షిగెయో షింగో 800 టన్నుల ప్రెస్ దగ్గర నిలబడి చూస్తుండగా ఒక బోల్టు కనబడలేదు. పనివాడు గంటకు పైగా తిరిగి, చివరికి ఇంకో డై తాలూకు పొడుగు బోల్టు తెచ్చి, కోసి, మర తీసి బిగించాడు. అంతసేపూ ప్రెస్ ఖాళీ. మిషన్ నడుస్తుండగా చేసుకోగల పనులు వేరు, ఆపితేనే అయ్యేవి వేరు అని ఆయన అక్కడే విడదీశారు. ఆ పద్ధతితోనే 1969లో టయోటాలో 1,000 టన్నుల ప్రెస్ సెట్టింగ్ 4 గంటల నుంచి ముందు గంటన్నరకు, తర్వాత 3 నిమిషాలకు దిగింది.

మనకు 3 నిమిషాలు అక్కర్లేదు. తర్వాతి డై, బోల్టులు, స్పానర్లు ముందే ట్రాలీ మీద ప్రెస్ పక్కన ఉండాలి. డైల కింద బ్లాకులు వేసి అన్నిటి ఎత్తూ ఒకటే చేయాలి, క్లాంపు పట్టే చోటి మందం కూడా. అప్పుడు ప్రతిసారీ షట్ హైట్ (ప్రెస్ పూర్తిగా దిగినప్పుడు మిగిలే ఎత్తు) సర్దే పని, షిమ్ముల (సందులో పెట్టే పల్చటి రేకుల) కోసం వెతుకులాట తప్పుతాయి. బయటి సాయం కావాలంటే, 2023లో కేంద్రం తెచ్చిన చిన్న పరిశ్రమల్లో వృథా తగ్గించే ఎంఎస్ఎంఈ లీన్ పథకం కింద సలహాదారులకయ్యే అమలు ఖర్చులో 90 శాతం ప్రభుత్వమే భరిస్తుంది.

సెట్టింగ్ అరగంట లోపలికి దిగిందంటే నా ఓటు చిన్న లాటుకే. ఏడాదంతా ఒకే పార్టు నడిచే ప్రెస్‌కు ఈ గొడవ లేదు. ప్లేటింగ్‌కు పంపే మాల్ అయితే, ప్లేటింగ్ వాళ్లు ఒక ట్రిప్పులో ఎంత తీసుకుంటారో కనుక్కుని లాటు అంతకే పెట్టుకోండి.