క్రాల్ స్పేస్: గాలి కన్నాలు తెరిచి ఉంచాలా, మూసేయాలా?

నార్త్ కరొలైనాలో రాలీ, కేరీ చుట్టుపక్కల ఇల్లు కొనే మనవాళ్లు స్కూళ్లు చూస్తారు, వంటగది చూస్తారు, ద్వారం ఏ దిక్కున ఉందో చూస్తారు. ఇంటి కింద, మట్టికీ గదుల నేలకీ మధ్య ఉండే క్రాల్ స్పేస్‌లోకి చాలామంది తొంగి కూడా చూడరు. పాకుతూ మాత్రమే వెళ్లగలిగే ఆ ఖాళీలోనే నీళ్ల పైపులు, చాలా ఇళ్లలో ఏసీ డక్టులు, ఇంటిని మోసే చెక్క దూలాలు ఉంటాయి.

పాత పద్ధతిలో పునాది గోడలకు గాలి కన్నాలు పెడతారు. మామూలు లెక్క 150 చదరపు అడుగుల నేలకు 1 చదరపు అడుగు కన్నం. గాలి ఆడితే తడి ఆరుతుందని ఆలోచన. చలికాలంలో అది నిజమే. కానీ అక్కడి జూలై ఉక్కపోత మన కోస్తాను గుర్తుచేస్తుంది. ఆ తేమ గాలి లోపలికొచ్చి చల్లటి డక్టులకు తగిలితే, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి పట్టినట్టు నీళ్లు పడతాయి. చెక్కలో తేమ 20 శాతం దాటి అలాగే ఉండిపోతే బూజు పట్టి, పుచ్చడం మొదలవుతుంది. కింది గాలి సందుల్లోంచి ఇంట్లోకి కూడా వస్తుంది. పిల్లలకు ఆస్తమా ఉన్న ఇంట్లో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

మూసే పద్ధతిలో మట్టి మీద కనీసం 6 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) మందం ప్లాస్టిక్ పరిచి, కన్నాలు మూసి, గాలిలో తేమ లాగేసే డీహ్యూమిడిఫయర్ పెడతారు. రాలీలోని అడ్వాన్స్‌డ్ ఎనర్జీ సంస్థ అదే రాష్ట్రంలోని ప్రిన్స్‌విల్‌లో 12 ఇళ్లను పరిశీలించింది. క్రాల్ స్పేస్ మూసిన ఇళ్లలో ఏసీకీ హీటింగ్‌కీ అయ్యే ఎనర్జీ వాడకం సగటున 15 శాతం, ఆపైన తగ్గింది. ఖర్చు వేల డాలర్లలో ఉంటుంది. అయినా ఆ వాతావరణానికి మూసేయడమే మేలని నా గట్టి అభిప్రాయం.

అయితే ముందు చూరు నీళ్లు పునాదికి దూరంగా పోయేలా చేయాలి. నీళ్లు చేరే చోట ప్లాస్టిక్ పరిస్తే లాభం లేదు. ప్లాస్టిక్‌ను పునాది గోడల మీదికీ ఎక్కిస్తే, గోడ పైభాగంలో 3 అంగుళాలు ఖాళీ వదిలితే చెదల దారులు కనిపిస్తాయి. కింద గ్యాస్ ఫర్నేస్ (గ్యాస్ మండించి ఇంటిని వేడిచేసే యంత్రం) ఉంటే, దానికి బయటి గాలి విడిగా అందే ఏర్పాటు లేకుండా మూయడం ప్రాణాలకే ముప్పు. వరద ముంపు ప్రాంతంలో నీళ్లు వచ్చిపోయే కన్నాలు తప్పనిసరి, వాటిని మాత్రం మూయకూడదు.

టెక్సస్‌లోలా నేరుగా కాంక్రీట్ స్లాబ్ మీద కడితే ఈ టెన్షన్ ఉండదు. కానీ స్లాబ్ కింద పైపు కారితే కాంక్రీటు పగలగొట్టాల్సి రావచ్చు. క్రాల్ స్పేస్‌లో ప్లంబర్ పాకుతూ వెళ్లి బాగుచేస్తాడు. ఏదేమైనా, ఇల్లు కొనే ముందు జరిగే ఇన్‌స్పెక్షన్ రోజున కింద తీసిన ఫోటోలు, దూలాల తేమ కొలత అడిగి తీసుకోండి.