అరకు నుంచి మారేడుమిల్లి దాకా: బస, రోడ్లు, మధ్యలో ఫోన్ జీపీఎస్ గొడవ

విశాఖలో బయల్దేరి అరకు, పాడేరు, లంబసింగి చూసుకుని, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి వెళ్లి, చివరికి రాజమండ్రిలో దిగాం. మన్యం మొత్తాన్ని కారులో చుట్టి రావాలనుకునేవాళ్లకు ఇంతకంటే మంచి దారి నాకు తెలీదు. అరకు నుంచి కిందికి చాలామటుకు 516ఇ జాతీయ రహదారే. కారు బావది, డ్రైవింగూ బావదే. వెనక సీట్లో అక్క, చేగోడీల డబ్బా. దారి చెప్పే డ్యూటీ నాది. అందుకే ఈ రాతలో సగం ఊళ్లు, సగం ఫోను.

గొడవ ఊరు దాటకముందే మొదలైంది. ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ దగ్గర మేం కింద ఉంటే ఫోన్ మమ్మల్ని పైకెక్కించింది. అక్కడ దాన్ని తప్పుపట్టను. పై రోడ్డూ కింద రోడ్డూ మ్యాప్ మీద ఒకదానిమీద ఒకటి పడతాయి, ఏ ఫోనైనా తికమకపడుతుంది. కానీ పెందుర్తి దాటి, కొత్తవలస వైపు పైన ఆకాశం తప్ప ఇంకేమీ లేని రోడ్డు మీద కూడా నీలం బాణం పక్క పొలాల్లోకి దిగిపోతోంది. కాసేపటికి "జీపీఎస్ సిగ్నల్ పోయింది" అని ఓ మాట.

"ఏజెన్సీ కదరా, ఇక్కడ సిగ్నల్ ఉండదు" అన్నాడు బావ.

"ఏజెన్సీ ఇంకా రాలేదు బావా. వచ్చినా దీనికి టవర్‌తో పనిలేదు."

ఈ రెండూ కలిపేసి తిట్టుకునేవాళ్లే ఎక్కువ. టవర్ వేరు, జీపీఎస్ వేరు. జీపీఎస్ ఉపగ్రహాలు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ టైము చెబుతుంటాయి. ఫోన్ వినడమే తప్ప వాటికి ఏమీ పంపదు. కనీసం నాలుగు సరిగ్గా వినపడితే మనం ఎక్కడున్నామో లెక్క కట్టేస్తుంది. డేటా ఉన్నా లేకపోయినా, సిమ్ తీసేసినా ఆ లెక్క ఆగదు. నెట్ కావలసింది మ్యాప్ బొమ్మకి, ట్రాఫిక్‌కి. కాబట్టి అడవి మధ్యలో బొమ్మ తెల్లగా వచ్చి చుక్క సరిగ్గా ఉంటే అది నెట్ జబ్బు. బొమ్మ బాగానే ఉండి చుక్క పొలాల్లో తిరుగుతుంటే అది జీపీఎస్ జబ్బు. మాది రెండోది.

శృంగవరపుకోటలో టిఫిన్‌కి ఆగాం. ఘాట్ ఎక్కేముందు కడుపు నింపుకోవడానికి ఇదే సరైన చోటు. పెసరట్టు వేడిగా ఇస్తారు, పార్కింగ్‌కి ఇబ్బంది లేదు. బావ టీ తాగేలోపు జీపీఎస్‌టెస్ట్ అనే ఉచిత యాప్ తెరిచాను. ఏ ఉపగ్రహం ఎంత గట్టిగా వినపడుతోందో పట్టీలుగా చూపిస్తుంది, పక్కన ఏ దేశానిదో జెండా. అంకెలు 35 పైన ఉంటే హాయి, 25 కిందికి పోతే కష్టం. ఏసీ గాలి వచ్చే చోట తగిలించిన హోల్డర్‌లో మా ఫోన్ చూపించింది 20-24. తీసుకెళ్లి బానెట్ మీద పెడితే నిమిషంలో 40 దాటింది. అంటే ఫోను ఆరోగ్యం బాగానే ఉంది, కారే దాని చెవులు మూసేస్తోంది.

అక్కడే ఒక్కొక్కటీ తీసి చూశాను. మొదటిది చార్జర్. ఎక్కడో ఫుట్‌పాత్ మీద కొన్న ఫాస్ట్ చార్జర్ అది. పీకగానే అంకెలు నాలుగైదు పెరిగాయి, మళ్లీ గుచ్చితే పడిపోయాయి. ఉపగ్రహం నుంచి వచ్చే తరంగం మన దాకా చేరేసరికి ఎంత నీరసంగా ఉంటుందంటే, చుట్టూ ఉన్న రేడియో రొద కంటే కూడా కిందే ఉంటుంది. చౌక చార్జర్, కొన్ని చౌక డ్యాష్‌క్యామ్‌లు లోపల కరెంటును మార్చేటప్పుడు పుట్టించే రొద దాన్ని తేలిగ్గా ముంచేస్తుంది. ఇంట్లో పరీక్ష చెయ్యాలంటే యాప్ కూడా అక్కర్లేదు: ఎఫ్‌ఎం పెట్టి చార్జర్ గుచ్చండి. బుస్సుమంటే దాన్ని అనుమానించండి. బుస్సుమనకపోతే మంచిదని మాత్రం హామీ ఇవ్వలేను.

రెండోది అద్దం. బావ ఈ బండిని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. పాత ఓనరు ముందు అద్దం నిండా వేడి ఆపే ఫిల్మ్ అంటించి వెళ్లాడు. ఇలాంటి ఫిల్మ్‌లలో కొన్నిటికి సన్నటి లోహపు పూత ఉంటుంది. ఎండతోపాటు రేడియో తరంగాల్నీ కొంత ఆపేస్తుంది. మా బండికి టోల్ గేటు దగ్గర ఫాస్టాగ్ ఎప్పుడూ ఒక్కసారికి పలకదు, కుర్రాడు చేతి మిషన్ పట్టుకుని రావాల్సిందే. దానికీ ఇదే కారణం అయ్యుంటుంది. నల్ల ఫిల్మ్‌ల మీద 2012లో సుప్రీంకోర్టు ఆంక్షలు పెట్టిన సంగతి బావకి గుర్తు చేశాను. "ఇది నలుపు కాదు కదా" అని దాటేశాడు. కొన్ని కొత్త కార్లలో కంపెనీ అద్దానికే అలాంటి పూత ఉంటుంది. అప్పుడు మధ్య అద్దం వెనకాల చుక్కలు చుక్కలుగా ఒక ఖాళీ జాగా వదులుతారు. ఫాస్టాగ్‌కైనా ఫోన్‌కైనా అదే కిటికీ.

ఫోన్‌ని ఏసీ దగ్గర నుంచి తీసి డ్యాష్‌బోర్డు మీద, డ్రైవర్ చూపుకి అడ్డం రాకుండా ఎడమ మూలకి జరిపాను. అక్కడ పక్క అద్దంలోంచి కూడా కొంత ఆకాశం దొరుకుతుంది. అంకెలు 30కి వచ్చాయి. మైదానంలో రోడ్లకి అది చాలు. ఒకటే ఇబ్బంది, ఎండలో ఫోన్ కాలిపోతుంది, స్క్రీన్ మసకబారుతుంది. మధ్యాహ్నం పూట చార్జింగ్ ఆపి ఏసీ గాలి అటు తిప్పాం. హోల్డర్‌లో ఉన్న అయస్కాంతం గురించీ ఒక మాట. అది జీపీఎస్‌ని ఏమీ చెయ్యదు, ఫోన్‌లోని దిక్సూచిని పిచ్చిదాన్ని చేస్తుంది. బండి ఆగి ఉన్నప్పుడు బాణం గిరగిరా తిరుగుతుంది, కదలగానే సర్దుకుంటుంది. దాన్ని చూసి కంగారుపడి మలుపు తిప్పకండి.

ఘాట్ గురించి కొత్తగా చెప్పేదేం లేదు. అనంతగిరి దగ్గర సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, కింద కాఫీ. గాలికొండ వ్యూపాయింట్‌లో జనం. బొర్రా గుహలకి ఆదివారం వెళ్లకండి, అంతే. ఫోన్ విషయంలో మాత్రం ఘాట్ రోడ్డుకో తంటా ఉంది. ఒక పక్క కొండ నిలువుగా లేచి సగం ఆకాశాన్ని మింగేస్తుంది, ఇంకో పక్క నుంచి వచ్చే తరంగాలు రాతికి తగిలి ఆలస్యంగా చేరతాయి. దాంతో చుక్క ఇరవై ముప్పై మీటర్లు జరుగుతుంది. మలుపు రోడ్డులో అదే చాలు, మనల్ని పై వరస రోడ్డు మీద పెట్టడానికి. రెండు పౌనఃపున్యాలు, అంటే ఎల్1, ఎల్5 రెండూ వినే ఫోన్‌లకి ఈ బాధ తక్కువ. అక్క ఫోన్ అలాంటిది. ఒకే మలుపులో ఆవిడది రోడ్డు మీదే ఉంది, నాది లోయలో ఉంది. ఆ తర్వాత మిగతా దారంతా ఆవిడ ఫోనే ముందుకొచ్చింది, చేగోడీల డబ్బాతో సహా.

ఆ ఫోన్‌లో మన జెండా కూడా కనిపించింది, నావిక్. జీపీఎస్ లాంటిదే, మన దేశం సొంతంగా పెట్టుకున్నది. దీని మొదటి ఉపగ్రహాన్ని ఇస్రో 2013 జులైలో పంపింది, ఏడింటి వ్యవస్థగా కట్టింది. కొన్నిటిలో అణు గడియారాలు పాడయ్యాయి. 2023 మే 29న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఎన్‌వీఎస్-01తో కొత్త తరం మొదలైంది. ఇవి ఎప్పుడూ మన ప్రాంతం ఆకాశంలోనే ఉండేలా పెట్టినవి కాబట్టి లోయల్లో ఒకటి రెండు దొరికినా సాయమే. ఫోన్ కొనేటప్పుడు కెమెరా ఎన్ని మెగాపిక్సెల్స్ అని అడిగే మనం ఎల్5 ఉందా, నావిక్ ఉందా అనీ అడగొచ్చు.

అరకులో బసకి రెండు దారులు. పర్యాటక సంస్థ వారి హరిత రిసార్టులు తేలిగ్గా దొరుకుతాయి, ఎవర్ని అడిగినా చెబుతారు. గదులు పాతవే, జాగా విశాలం. లేదంటే ప్రైవేటు రిసార్టులు. మేం దిగింది అలాంటి ఒకదాంట్లో. గది శుభ్రం, వేడినీళ్లు అడగ్గానే వచ్చాయి, బొంగులో చికెన్ మాత్రం బొంగులో వండినట్టు లేదు. వాళ్ల మ్యాప్ పిన్ రైలు పట్టాలకి అవతల పెట్టారు, గేటు దగ్గర చీకట్లో నిలబడిపోయాం. చుక్క ఎంత సరిగ్గా ఉన్నా వెళ్లాల్సిన పిన్నే తప్పయితే ఏం చేస్తాం? అందుకే ఇక మీదట గది బుక్ చేసినప్పుడు "గేటు దగ్గర నిలబడి ప్లస్ కోడ్ పంపండి" అని అడుగుతాను. గూగుల్ మ్యాప్ ప్రతి చోటుకీ ఇచ్చే చిన్న కోడ్ అది, మ్యాప్‌లో కొడితే నెట్ లేకపోయినా చోటు చూపిస్తుంది. ఇక వైఫై రిసెప్షన్‌లోనే. రాత్రి అక్కడ కుర్చీ వేసుకుని పాడేరు నుంచి రాజమండ్రి దాకా మ్యాప్ మొత్తం ఆఫ్‌లైన్‌కి దింపుకున్నాను. గదిలో టీవీ ఉందా లేదా అన్నదానికంటే ఈ వైఫైయే నాకు ముఖ్యం.

పొద్దున బయల్దేరేముందు, ఇంకా వైఫైలో ఉండగానే మ్యాప్ తెరిచి రెండు నిమిషాలు ఆరుబయట ఉంచండి. ఉపగ్రహాలు ఎక్కడెక్కడున్నాయో ఆ సమాచారం నెట్ నుంచి క్షణాల్లో వస్తుంది. నెట్ లేకపోతే ఉపగ్రహమే సెకనుకి 50 బిట్ల చొప్పున నత్తనడకన చెప్పాలి. ఒక్కో ఉపగ్రహం తన వివరం చెప్పడానికి అర నిమిషం, మొత్తం జాబితాకి పన్నెండున్నర నిమిషాలు. మధ్యలో చెట్టు అడ్డం వస్తే మళ్లీ మొదటికి. అడవి మధ్యలో "ఓసారి ఆఫ్ చేసి ఆన్ చెయ్యి" అనే సలహా అందుకే పనికిరాదు. పవర్ సేవర్ కూడా తీసేయండి, కొన్ని ఫోన్‌లలో స్క్రీన్ ఆరగానే లొకేషన్ ఆపేస్తుంది.

పాడేరులో మోదకొండమ్మ గుడి చూసి, భోజనం చేసి, పెట్రోలు నింపుకున్నాం. ఇక్కడ నింపుకోవడం మంచిది. లంబసింగి చలికాలం ఊరు. పొగమంచు, టెంట్లు, స్ట్రాబెర్రీ తోటలు. టెంటు బస మాకు నచ్చలేదు. దుప్పట్లు తడి, జనరేటరు రాత్రంతా గోల, ఎవరో స్పీకర్ పెట్టారు. తాజంగి జలాశయం దగ్గర పొద్దున్నే గడిపిన గంటే ఆ ఊరికి నేనిచ్చే మార్కులన్నీ. పిల్లలతో వెళ్లేవాళ్లు అరకులోనే పడుకుని తెల్లవారుజామున రావాలనుకుంటారేమో, పొగమంచులో ఆ రోడ్డు వద్దు. పాడేరులో పడుకోండి.

కొయ్యూరు దాటాక రోడ్డు విస్తరణ పనుల్లో ఉన్న చోట్ల మ్యాప్ పాత రోడ్డు చూపిస్తుంది, మనం కొత్తదాని మీద ఉంటాం. ఫోన్ "యూటర్న్ తీసుకోండి" అని పోరు పెడుతుంది. ఇక్కడ తప్పు జీపీఎస్‌ది కాదు, చుక్క సరిగ్గానే ఉంది, గీతే పాతది. నేను మార్గాన్ని ఆపేసి వట్టి మ్యాప్ పెట్టుకున్నాను. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు మనుషులు వరసగా మూడు రోజుల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడ్డారు. ఇంచుమించు మేం వెళ్తున్న వైపే. ఆ అడవిలో నడిచి అంత వేగంగా ఎలా వెళ్లారని అక్క అడిగింది. కృష్ణదేవిపేటలో ఆయన సమాధి ఉంది, ఆగి చూడండి.

మారేడుమిల్లిలో అటవీ శాఖ ఆధ్వర్యంలో స్థానిక గిరిజనులు నడిపే కాటేజీలున్నాయి. హంగులు తక్కువ, తిండి బాగుంటుంది, పలకరింపు ఇంకా బాగుంటుంది. బొంగులో చికెన్ ఇక్కడ తినండి, అరకులో డబ్బు తగలెయ్యకండి. అడవి దట్టం, వాన పడ్డాక తడి ఆకులు తరంగాలని ఇంకాస్త పీల్చేస్తాయి. ఫోన్ అంకెలు మళ్లీ 20ల్లోకి పడ్డాయి. ఉన్నది ఒకే రోడ్డు కాబట్టి ఇబ్బంది లేదు. గుడిసె కొండకి మీ కారు వద్దు, జీపు మాట్లాడుకోండి. రేటు ముందే తేల్చుకోండి.

రాజమండ్రిలో కారు సామాన్ల కొట్టుకి వెళ్లాం. మధ్య అద్దం వెనకాల ఫిల్మ్‌ని అరచేయి రెండింతల మేర కోసి తీశాడు, పావుగంట పని. బావ మొత్తం తియ్యనివ్వలేదు. హోల్డర్ అక్కడికి మార్చి, చార్జర్ మంచిది కొన్నాం. అంకెలు 36-38. ఇంత చవగ్గా తేలిపోతుంటే బ్లూటూత్ జీపీఎస్ డబ్బాలు కొనక్కర్లేదు. కారుకి సొంత జీపీఎస్ యాంటెన్నా ఉండి ఫోన్‌ని స్క్రీన్‌కి కలిపేవాళ్లయితే ముందు అదెలా పనిచేస్తుందో చూసుకోండి, కొన్ని కార్లలో ఫోన్ ఆ యాంటెన్నానే వాడుకుంటుంది. రాజమండ్రి వైపు నుంచి మారేడుమిల్లి దాటి చింతూరు ఘాట్ మీదుగా భద్రాచలం వెళ్లేవాళ్లు మాత్రం మ్యాప్‌ని రంపచోడవరంలోనే దింపుకోండి. ఆ తర్వాత మా మూడు సిమ్‌లలో ఒక్కటే పలికింది, అదీ మారేడుమిల్లి బజారు దాకానే.