స్ప్లిట్ నుంచి విస్ దాకా, ఇద్దరే ఉన్న పడవలో

క్రొయేషియాలో స్ప్లిట్ నగరం, దగ్గరి ద్వీపాల్లోని మిల్నా, పల్మిజానా, విస్, స్టారి గ్రాడ్ రేవులు, మళ్లీ స్ప్లిట్: తెరచాప పడవ మీద ఇద్దరికి సరిపోయే చుట్టు ఇది. విస్ దాకా ఒక్కో మజిలీ సుమారు 12 నాటికల్ మైళ్లు, రెండున్నర గంటల పని. తిరుగుదారిలో రెండు మజిలీలూ దానికి దాదాపు రెట్టింపు. వేసవిలో వాయవ్యం నుంచి వచ్చే మాయెస్త్రాల్ గాలి పొద్దెక్కాక మొదలై, మధ్యాహ్నం ముదిరి, సాయంత్రానికి చల్లబడుతుంది. వెళ్లేటప్పుడు వెనక నుంచో పక్క నుంచో తోస్తుంది. స్టారి గ్రాడ్ నుంచి స్ప్లిట్‌కి అదే ఎదురుగాలి. ఆ రోజు తెల్లవారుతూనే ఇంజిన్ మీద బయల్దేరడం మేలు.

పడవ 30–34 అడుగులు చాలు. 40 అడుగులదైతే పక్కగాలికి జరిగిపోతుంటే ఒక్క మనిషి తాడు పట్టి ఆపలేడు. నడిపేవారికి ఐసీసీ (పడవ నడిపే అంతర్జాతీయ అర్హత పత్రం) లాంటి గుర్తింపున్న సర్టిఫికెట్ కావాలి, ఇద్దరిలో ఒకరికి వీహెచ్‌ఎఫ్ రేడియో (పడవల మధ్య మాట్లాడుకునే రేడియో) అర్హత ఉండాలి. అద్దె పడవ మీ చేతికి అప్పగించేటప్పుడే ఇంజిన్ నడుస్తుండగా లంగరు యంత్రాన్ని పనిచేయించి చూడండి, దాని కరెంటు బ్రేకర్ ఎక్కడుందో అడగండి. బిగిసిన గొలుసుతో పడవనే లాగబోతే ఆ బ్రేకర్ పడిపోతుంది.

అసలు పరీక్ష కట్టేటప్పుడే. ఇక్కడ పడవను వెనక్కి నడిపి, వెనక భాగం గట్టుకు ఆనేలా కడతారు. ఫెండర్లు (పడవ రాసుకోకుండా పక్కలకు వేలాడదీసే గాలి బుడగలు), వెనక తాళ్లు రెండూ ముందే సిద్ధంగా ఉండాలి. గాలి వచ్చే వైపు తాడు మొదట గట్టుకు బిగించాలి. తర్వాత ఇంజిన్ ముందుకు నెమ్మదిగా వేసి ఉంచితే పడవ కదలకుండా నిలుస్తుంది. పడవ ముందు భాగాన్ని కట్టడానికి గట్టు నుంచి నీళ్లలోకి వెళ్లే తాడును రెండో మనిషి కొక్కెంతో ఎత్తేటప్పుడు మాత్రం గేరు న్యూట్రల్‌లో ఉండాలి. లేకుంటే అది ప్రొపెల్లర్‌కు చుట్టుకుని, ఈతగాణ్ణి పిలవాల్సి వస్తుంది. తాడుకు పట్టిన గవ్వలు అరచేతులు కోస్తాయి, చేతొడుగులు తప్పనిసరి.

దారిలో వచ్చే హ్వార్ ఊరి రేవు చూడ్డానికే బాగుంటుంది. ఇరుకు, పైగా వచ్చీపోయే పడవల అలలకు రాత్రంతా ఊపు. ఎదురుగా పల్మిజానా మెరీనా (విహార పడవల రేవు) ఖరీదెక్కువైనా నిద్రపడుతుంది, ఊళ్లోకి వాటర్ ట్యాక్సీ ఉంది. విస్ ద్వీపం 1989 దాకా సైనిక స్థావరమై విదేశీయులకు మూసి ఉండేది. మా లెక్కలో ఈ చుట్టులో అదే మేటి. అయితే ఆ రేవు ఈశాన్యానికి తెరుచుకుని ఉంటుంది, అటునుంచి వచ్చే బూరా అనే బలమైన గాలి నేరుగా లోపలికి కొడుతుంది. బూరా సూచన ఉంటే విస్‌కి వెళ్లకుండా ఆగండి.

లంగరు వేస్తే 8 మీటర్ల లోతుకు 40 మీటర్ల గొలుసు వదలాలి, ఇసుక మచ్చ చూసి. సముద్రపు గడ్డి మీద లంగరు పట్టదు, గడ్డీ పాడవుతుంది.

చాలా అద్దె పడవలు శుక్రవారం సాయంత్రానికే తిరిగి చేరాలి. స్ప్లిట్ డీజిల్ బంకు దగ్గర అప్పుడు పెద్ద వరుస ఉంటుంది, మధ్యాహ్నంలోపే నింపుకోండి.