పాత .22 పిస్టల్ జామ్ అవుతుంటే ఏది మేలు: మ్యాగజైన్ మార్చడమా, తూటాలు మార్చడమా, స్ప్రింగ్ మార్చడమా?

సెకండ్‌హ్యాండ్‌లో కొన్న .22 స్పోర్ట్ పిస్టల్ మాటిమాటికీ జామ్ అవుతుంటే రేంజ్‌లో సలహాలకు కొదవుండదు. తూటాలు మార్చమని ఒకరంటారు, కొత్త మ్యాగజైన్ (తూటాలు నింపే డబ్బా) తెప్పించమని ఇంకొకరు, రీకాయిల్ స్ప్రింగ్ (కాల్చాక వెనక్కి వెళ్లే బోల్ట్ అనే భాగాన్ని మళ్లీ ముందుకు తోసేది) పోయిందని మరొకరు. మూడూ కొట్టిపారేయాల్సినవి కావు. కాకపోతే చెన్నైలో కూర్చుని వాల్తర్ పిస్టల్‌కు జర్మనీ నుంచో, పార్డిని పిస్టల్‌కు ఇటలీ నుంచో విడిభాగం రావాలంటే ఎదురుచూపులు తప్పవు. కాబట్టి తేలిగ్గా పరీక్షించగలిగినదానితో మొదలుపెట్టాలి. మా ఓటు మ్యాగజైన్‌కే, రెండోది తూటాలకు. స్ప్రింగ్ ఆఖర్న.

జామ్ అవగానే బోల్ట్ లాగి తూటాను బయటికి విసిరేయడం చాలామందికి అలవాటు. దాంతో సాక్ష్యం కాస్తా పోతుంది. గొట్టం టార్గెట్ వైపే ఉంచి, వేలు ట్రిగ్గర్ మీంచి తీసి, తూటా ఎక్కడ ఆగిందో ముందు చూడండి. ముక్కు కిందికి దిగి ర్యాంప్‌కు (తూటాను లోపలికి ఎక్కించే వాలు) గుద్దుకుందా, పైకి లేచి ఛాంబర్ (పేలేటప్పుడు తూటా ఉండే గది) అంచుకు తగిలిందా? బయటికి తీశాక సీసం మీద గీత చూడండి. అడుగున నొక్కు ఉంటే ముక్కు వాలినట్టు, పైన గీసుకుంటే లేచినట్టు. రెండింట్లోనూ మొదటి అనుమానం మ్యాగజైన్ మీదే. తూటా లోపలికి వెళ్లీ బోల్ట్ ఒకటి రెండు మిల్లీమీటర్ల దూరంలో ఆగిపోతే గొడవ ఛాంబర్‌దో స్ప్రింగ్‌దో. పేలిన తూటా ఖాళీ కేసు నిలువుగా ఇరుక్కుంటే ఎక్స్‌ట్రాక్టర్ (ఆ కేసును బయటికి లాగే భాగం) కొక్కెంలో మురికి, లేదా తూటాలో బలం చాలకపోవడం.

ఇక పరీక్ష. రెండు మ్యాగజైన్లకు పెయింట్‌తో 1, 2 అని రాసి, 50 రౌండ్ల పెట్టె ఒకటి తీసుకుని, ఐదేసి చొప్పున మార్చిమార్చి వాడండి. ఏ మ్యాగజైన్‌లో ఎన్నో రౌండ్ ఆగిందో చీటీ మీద రాసుకోండి. తప్పు ఎప్పుడూ 1లోనే వస్తుంటే మ్యాగజైన్ దొరికినట్టే. రెండింట్లోనూ సమానంగా వస్తే తూటా గానీ పిస్టల్ గానీ. చివరి రౌండే ఆగుతుంటే మ్యాగజైన్ స్ప్రింగ్ బిగువు తగ్గింది, లేదా ఫాలోవర్ (తూటాలను పైకి నెట్టే పలక) తూటాల మైనపు జిడ్డుకు పట్టేస్తోంది.

మ్యాగజైన్‌ను కొత్తది కొనేముందు విప్పి చూడాలి. స్ప్రింగ్ ఏ వైపు తిరిగి ఉందో ఫోన్‌లో ఫోటో తీసుకుని, అడుగు పలక తీసి, సాల్వెంట్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. అడయార్, బెసంట్ నగర్ లాంటి సముద్రపు గాలి తగిలే చోట్ల తుప్పు భయంతో లోపల నూనె పోస్తుంటారు. ఆ నూనెకు కాలిన మందుపొడి అంటుకుని ముద్దవుతుంది. బయట పల్చటి పూత చాలు, లోపల పొడిగా ఉండాలి. ఫీడ్ లిప్స్ (పై తూటాను పట్టి ఉంచే మ్యాగజైన్ అంచులు) మధ్య ఎడాన్ని బాగున్న మ్యాగజైన్‌తో కాలిపర్ పెట్టి పోల్చండి. తేడా కనిపించిందని పట్టకారుతో వంచకండి. గట్టి ఉక్కు పగులుతుంది, లేదంటే రెండు వైపులా సమానంగా రాదు. ఇంకో సంగతి: .22 తూటాకు అడుగున బయటికి పొడుచుకొచ్చిన అంచు ఉంటుంది. నింపేటప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందు ఉండాలి. వెనక పడిందా, బోల్ట్ తోసినప్పుడు రెండూ పెనవేసుకుంటాయి. అలాంటప్పుడు ఏ భాగం మార్చినా ఫలితముండదు.

తూటాల విషయంలో సూటిగా చెప్పొచ్చు. ఈ పిస్టళ్లు 40 గ్రెయిన్ల, అంటే దాదాపు 2.6 గ్రాముల బుల్లెట్‌కు, సెకనుకు 320-330 మీటర్ల స్టాండర్డ్ వెలాసిటీకి కుదిర్చినవి. అంతకన్నా నెమ్మదివి వేస్తే బోల్ట్ పూర్తిగా వెనక్కి రాదు, తర్వాతి రౌండ్‌ను అందుకోలేదు. హై వెలాసిటీ వేస్తే బోల్ట్ మరీ జోరుగా తిరిగి, మ్యాగజైన్ తూటాను పైకి అందించేలోపే ముందుకు వెళ్లిపోతుంది. పైగా ఫ్రేమ్‌కు దెబ్బ. కత్తిరి ఎండల్లో పెట్టెను కారులో వదిలేస్తే తూటాల మీది మైనం మెత్తబడి మ్యాగజైన్‌కు అంటుకుంటుంది. ఆ జిడ్డును బ్రాండ్ తప్పని అనుకోవద్దు. రెండు రకాలు ఒక్కో పెట్టె చొప్పున తెచ్చి పై పరీక్షే మళ్లీ చేస్తే సరిపోతుంది. చప్పుడు తుస్సుమంటే మాత్రం ఇక కాల్చకండి. ఖాళీ చేసి, గొట్టంలో బుల్లెట్ ఇరుక్కుందేమో చూడాలి. నొక్కినా పేలకపోతే గొట్టం టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగాలి.

రీకాయిల్ స్ప్రింగ్‌ను అందరూ ముందు తిడతారు గానీ, బోల్ట్ మూసుకోకపోవడానికి ఎక్కువసార్లు కారణం ఛాంబర్‌లో పేరుకున్న సీసం, మసి. ఖాళీ పిస్టల్‌లో ఛాంబర్ అంచు మీద టార్చి వేసి చూడండి. ఫైరింగ్ పిన్ (తూటాను కొట్టి పేల్చే సూది) తగిలేచోట చిన్న గుంట కనిపిస్తే పాత యజమాని ఖాళీగా ట్రిగ్గర్ నొక్కుతూ సాధన చేశాడన్నమాట. అక్కడ లోపలికి ఒత్తుకున్న లోహం తూటాను ఆపుతుంది. దానికి గన్‌స్మిత్ పనిముట్టే కావాలి. మరమ్మతు చేసేవాళ్లకూ 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఉండాలి, కాబట్టి వీధి చివరి లేత్ షాపుకు తీసుకెళ్లకూడదు. ఇవన్నీ సరిగ్గా ఉండి, స్ప్రింగ్ పొడవు కొత్తదానికన్నా తగ్గి ఉంటే అప్పుడు మార్చండి. ఖరీదైన భాగమేమీ కాదు.

చెక్కపిడికి పుట్టీ రాసుకునే అలవాటు టార్గెట్ షూటర్లలో చాలామందికి ఉంది. మ్యాగజైన్ పిడిలోనే ఉండే మోడల్ అయితే ఆ పుట్టీ అడ్డుపడి మ్యాగజైన్ చివరిదాకా కూర్చోకపోవచ్చు. లాక్ టక్కున పడిన చప్పుడు వినిపించాలి.

ఇంకా కొనలేదా? అయితే ఒకే మ్యాగజైన్‌తో అమ్మకానికి పెట్టినదాన్ని, రెండున్నదాన్ని ఒకే ధరకు చూడకండి. రెండోది లేకపోతే పై పరీక్షే కుదరదు. ఐదు రౌండ్లు 10 సెకన్లలో పూర్తి చేయాల్సిన స్టాండర్డ్ పిస్టల్ పోటీ సిరీస్ ఆడేవాళ్లయితే, రెండో మ్యాగజైన్ ధరను ముందే బేరంలో కలిపి మాట్లాడుకోండి.